చెప్పకుండా లేచి వచ్చిన రోజు

మలావీలోని ఈ పల్లెకు సువార్త పనికి వచ్చి రెండేళ్లు దాటింది. పోయిన నెల ఎస్తేరు అవ్వ కొడుకు జ్వరంతో చనిపోయాడు. మా ప్రార్థనకు మొదట వచ్చిన మనిషి ఆమే. వాళ్లింట్లో ఆడవాళ్ల మధ్య నేల మీద రోజంతా కూర్చున్నాను. సాయంత్రం, మన నరసరావుపేటలో లాగే, ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశాను.

తర్వాత రెండు ఆదివారాలు అవ్వ ప్రార్థనకు రాలేదు. దారిలో ఎదురైనా మాట్లాడలేదు. అసలే అలసిపోయి ఉన్నాను. ఏం తప్పు చేశానో తెలియక అమ్మకు ఫోన్ చేశాను.

"చావింట్లో ఎల్లొస్తానని ఎవరంటారే? మంచి పనే చేశావు," అంది అమ్మ. "ఏంది, చానా నీరసంగా మాట్లాడతన్నావు?"

చివరికి నేనే వెళ్లాను. అవ్వ మొక్కజొన్నలు ఒలుస్తూ తలెత్తకుండానే అంది: "దొంగలా వెళ్లిపోయావు. ఇంటికొచ్చినవాళ్లను మేం కొంత దూరం సాగనంపుతాం. కొడుకు పోయిన రోజు నాకు ఆ పని కూడా లేకుండా చేశావు."

వాళ్ల భాషలో వచ్చీరాని మాటలతో చెప్పాను. చావింట్లో మళ్లీ వస్తానంటే మళ్లీ చావు వస్తుందని మా భయమన్నాను.

"మీ ఊళ్లో చావుకు చెవులు బాగా వినిపిస్తాయన్నమాట," అంది అవ్వ.

లేచేటప్పుడు భయపడుతూనే, "వెళ్లొస్తాను అవ్వా," అన్నాను. ఆమె మోకాళ్లు పట్టుకుని లేచింది. చేతిపంపు దాకా నా చెయ్యి వదలకుండా నడిచింది. అక్కడ ఆగి, ఆదివారం ప్రార్థన ఎన్నింటికని అడిగింది, రెండేళ్లుగా అందరికంటే ముందొచ్చి కూర్చునే మనిషి.