పోలా ముందురోజు మిల్లు గేటు దగ్గర

దయ్యాల ముచ్చట మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మిల్లు పాత గోదాములో తెల్లచీర ఆమె తిరుగుతోందని తోటి ఆడవాళ్లు చెబితే, "ఆమెకైనా పని దొరికింది" అని నవ్వేదాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం సంగతి కాదు. నేను చూసింది బతికున్న మనిషిని.

నాందేడ్‌లో బట్టల మిల్లు పక్క బస్తీ మాది. నాయన బోధన్ వైపు నుంచి వచ్చి ఆ మిల్లులోనే చేరాడు. తర్వాత నేను కండెలు చుట్టే పనిలో, తమ్ముడు సాయిలు మగ్గాల మీద కుదిరాం.

డెబ్బయ్యో దశకం చివరికి వచ్చేసరికి మిల్లు చిక్కిపోసాగింది. మూడు షిఫ్టులు రెండయ్యాయి, తర్వాత ఒకటి. ఒకరోజు పత్తి లేదనేవారు, ఇంకోరోజు కరెంటు లేదనేవారు. చివరికి గేటుకు గొలుసు పడింది. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ వాళ్లు బల్లలు ఎత్తేశారు. సైకిళ్లు బాగుచేసే ఆయన కిన్వట్ వెళ్లిపోయాడు. చిమ్నీ మసి పడక, ఉతికిన బట్టలు తెల్లగా ఆరుతుంటే చూసి ఏడ్చినవాళ్లున్నారు మా బస్తీలో.

సాయిలు భార్య లక్ష్మిని ఇక్కడే ఉంచి, రాత్రంతా రైలు ప్రయాణం దూరంలో ఉన్న భివండి పోయి పవర్‌లూమ్ కార్ఖానాలో చేరాడు. నేను మూసిన గేటుకు ఎదురుగా గోనెపట్టా పరిచి కూరగాయలు అమ్మేదాన్ని.

అది ఎద్దులను పూజించే పోలా పండుగకు ముందురోజు. ఎద్దులను కడగడానికి గోదావరికి తోలుకుపోతున్నారు. మిల్లు నడిచిన రోజుల్లో మధ్యాహ్నం షిఫ్టు ఎక్కే వేళ, మంచి ఎండ. సాయిలు గేటు వైపు నడుస్తూ కనబడ్డాడు. చేతిలో అన్నం డబ్బా, భుజాన తువ్వాల. వాడు ఒక కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు, ఎంత దూరం నుంచైనా పోల్చుకుంటాను. ఎప్పుడొచ్చాడు, ఇంటికి పోకుండా ఇటెందుకొచ్చాడు అనుకున్నాను.

"సాయిలూ, గటు ఎందుకు పోతున్నవ్ రా? ఇటు రా" అని గట్టిగా పిలిచాను.

వెనక్కి తిరిగాడు. ఎవరు పిలిచారో వెతుకుతున్నట్టు చూశాడు. ఇంతలో ఎద్దుల గుంపు మా మధ్య నుంచి సాగింది. అవి దాటాక వాడు లేడు. గేటుకు గొలుసు వేసినట్టే ఉంది.

గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ చాచాను అడిగాను. "కోయీ నై ఆయా, బహెన్" అన్నాడు, ఎవరూ రాలేదని. నా పిలుపు మాత్రం విన్నాడట, ఉలిక్కిపడ్డానన్నాడు.

లక్ష్మి దగ్గరికి పోతే, "ఆయన రాలే వదినా. ఎండకు గట్ల అనిపించిందేమో" అంది. నేనూ అదే అనుకుని ఊరుకున్నాను.

కొన్నాళ్లకు సాయిలు నిజంగానే వచ్చాడు, చేతికి కట్టుతో. అన్నం ముందు పెడితే ముట్టలేదు.

"పని మీదున్న అక్కా. ఎన్కనుంచి నువ్వు పిలిచినవ్. ఆడ నన్ను అందరు సాయినాథ్ అంటరు, సాయిలు అనెటోళ్లు ఎవరున్నరు? మగ్గం ఇడిసి తలుపు దాంక వచ్చి చూసిన. గప్పుడే కప్పు కూలింది."

ఎప్పుడని అడిగాను. పోలా ముందురోజు, మధ్యాహ్నం షిఫ్టు ఎక్కిన కాసేపటికని చెప్పాడు. నేను చూసింది అప్పటికింకా వాడికి చెప్పలేదు.

పక్క మగ్గం మీద పనిచేసే ముఖేడ్ మనిషి ఆ కప్పు కింద చనిపోయాడు. ఆయనా మా మిల్లువాడే. గేటు మూశాక ఇద్దరూ ఒకే రైల్లో భివండి పోయారు.

సాయిలు మళ్లీ అటు వెళ్లలేదు. ధాన్యం మార్కెట్లో బస్తాలు మోసి బతికాడు. మాకు మిల్లు నుంచి పిలుపు రాలేదు.

సాయిలు తిరిగొచ్చిన నెలలోనే ఇద్దరం బస్సులో ముఖేడ్ వెళ్లి, చనిపోయినాయన భార్యను చూశాం. జరిగిందంతా, గేటు దగ్గర నేను చూసింది సహా, నాకొచ్చిన మరాఠీలో నేనే చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. నమ్మననలేదు, ఆశ్చర్యపోలేదు. మాకు చాయ్ పోసి ఒక్క మాట అడిగింది.

"మరి ఆయనను ఎవరూ పిలవలేదా?"

ఆ రోజంతా నేను ఆ రోడ్డు మీదే కూర్చున్నాను. ఆయన నాకు తెలిసిన మనిషే. కనబడితే ఆయననూ పిలిచేదాన్ని. ఎందుకు కనబడలేదో నాకు ఇప్పటికీ తెలియదు.