నల్ల విండోకి మూడు రోజుల డ్యూటీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉండే ధైర్యం మళ్లీ జన్మలో రాదు. ఏమీ తెలియకపోవడం వల్ల వచ్చే ధైర్యం కదా అది! ఆ రోజుల్లో, మేముండే హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, పవర్ హౌస్ బజారులోని చిన్న కంప్యూటర్ ఆఫీసులో, ఓ పళ్ల డాక్టరు గారి క్లినిక్‌కి టోకెన్ నంబర్లు చూపించే ప్రోగ్రాం రాసే పని నాకు పడింది. "పాస్‌వర్డ్ ప్రోగ్రాంలో రాయకు. బయట ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టు, ప్రోగ్రాం అక్కణ్ణుంచి చదువుకుంటుంది. శుక్రవారం క్లినిక్‌లో నడిస్తే నౌకరీ పక్కా, నహీ తో టాటా," అన్నారు మా బాసు. ఆయన్ని అందరూ భయ్యా అనేవారు.

ఆఫీసు కంప్యూటర్‌ని సెక్టర్ ఏడులోని మా ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను. ఎన్నిసార్లు నడిపినా 'పాస్‌వర్డ్ దొరకలేదు' అనేది. మంగళవారం పొద్దున్న, కంప్యూటర్‌కి ఆదేశాలు టైపు చేసే నల్ల విండోలో ఏదో లైను కొట్టి, అందులోనే ప్రోగ్రాం నడిపితే దొరికేసింది. ఎలా దొరికిందో దేవుడికే తెలియాలి. విండో మూస్తే అందులో పెట్టింది పోతుందని మాత్రం ఎక్కడో చదివాను. (మళ్లీ కొట్టుకోవచ్చన్న ముక్క చదవలేదు.)

బ్లాస్ట్ ఫర్నేస్‌లో ముప్ఫయ్యేళ్లు చేసి అప్పుడే రిటైరైన మా నాన్నకి ఈ మాట తెగ నచ్చింది. "మా ఫర్నేసూ అంతేనమ్మా, ఎలిగించాక ఆర్పకూడదు," అని వెంటనే విండో కాపలాకి షిఫ్టులు వేసేశాడు. ఎ షిఫ్టు అమ్మ, బి షిఫ్టు తను, సి షిఫ్టు నేను. "పప్పు మాడిపోతంది, రిలీవరేడీ?" అని అమ్మ కేకేస్తే, నాన్న హెల్మెట్ పెట్టుకుని వచ్చి, నోటు పుస్తకంలో సంతకం చేసి మరీ కూర్చునేవాడు.

శుక్రవారం కంప్యూటర్ ఆపకుండానే, యూపీఎస్‌తో సహా ఆటో ఎక్కించాం. గోడ ప్లగ్గు పీకగానే యూపీఎస్ కీచుకీచుమని మొదలెట్టింది. ఆటో అతను బెదిరిపోయి "అంకుల్, యే క్యా హై?" అన్నాడు. "భట్టీ హై బేటా, ధీరే చలావ్," అన్నాడు నాన్న, సీపీయూని తన ఫర్నేసే అన్నట్టు ఒళ్లో పొదివి పట్టుకుని.

క్లినిక్‌లో తెర తగిలించగానే టోకెన్ ఒకటి వెలిగింది. భయ్యా "శభాష్" అంటూ, అలవాటుగా నల్ల విండో మూసేశారు. నాన్న కుర్చీలో కూలబడ్డాడు. నౌకరీ పోయిందనుకుని నేను ఏడ్చేశాను. భయ్యా మా ఇద్దర్నీ వింతగా చూసి, కొత్త విండో తెరిచి, ఒక్క లైను కొట్టి ప్రోగ్రాం నడిపారు. టోకెన్ రెండు వెలిగింది.

"ఒక్క లైనేనేటి?" అన్నాడు నాన్న.

"అవును నాన్నా."

నా నౌకరీ పక్కా అయింది. నాన్న మాత్రం ఇల్లు చేరగానే హెల్మెట్ తీసి అటక మీద పెట్టేశాడు. షిఫ్టు లేని మనిషి అయిపోయాడు మళ్లీ. నాకు పాపమనిపించింది.

ఇప్పుడు నా దగ్గర చేరే పిల్లలకి ఇదంతా అయిదు నిమిషాల్లో నేర్పేస్తాను. ఇంట్లో మాత్రం కంప్యూటర్ ఆపేముందు "ఆపొచ్చా నాన్నా?" అని ఇప్పటికీ అడుగుతాను. ఆయన ఓసారి గడియారం చూసి, "ఆపేయమ్మా, డ్యూటీ అయిపోనాది," అంటాడు.