గుడ్లగూబ అని చెప్పమన్నారు

మొన్న మా అమ్మాయి పక్కగదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇస్తుంటే, నువ్వు కూరగాయవైతే ఏ కూరగాయవయ్యేదానివని అవతలివాళ్లు అడగడం వంటింట్లో నా చెవిన పడింది. అది నవ్వేసి ఏదో చెప్పింది గానీ, నాకు మాత్రం ఆ పూటంతా కాలు ఒకచోట నిలవలేదు. అలాంటి ప్రశ్న ఎంత గుండెదడో మన కాలంవాళ్లకే తెలుసు.

కంప్యూటరు ఉద్యోగాల కోసం ఊళ్లకు ఊళ్లు అమీర్‌పేట కోచింగులకు కదిలొచ్చిన రోజులవి. నేనూ గుంటూరు నుంచి వచ్చి మధురానగర్ హాస్టల్లో దిగాను. వేసవిలోగా ఉద్యోగం రాకపోతే తిరిగొచ్చి మా పక్కవీధి కాన్వెంటులో పిల్లలకు ఎక్కాలు చెప్పుకోవాలని అన్నయ్య షరతు. ఎక్కాలు చెప్పడం తక్కువని కాదు గానీ, ఓడిపోయి ఆ వీధిలోకి మళ్లీ వెళ్తే ఇక బయటపడనని నా భయం. అందుకే తింటున్నా, నడుస్తున్నా పెదవులు ఇంటర్వ్యూ జవాబులేవో వల్లిస్తూనే ఉండేవి.

కోచింగులో ఇంగ్లీషు చెప్పే మాస్టారు ఈ చిత్రమైన ప్రశ్నల పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పేవారు. బట్టీపట్టిన జవాబులు వినీ వినీ విసిగిపోయిన విదేశీ కంపెనీల దొరలు, మనిషి అసలు స్వభావం బయటపడాలని నువ్వు జంతువో పక్షివో అయితే ఏమవుతావని అడగడం మొదలుపెట్టారట. అంత చక్కగా చెప్పి, ఆ వెంటనే వాటికీ జవాబులు బట్టీపట్టించేవారు! ఒకరికి చీమ, ఒకరికి ఏనుగు పంచి, నా వాటాకు గుడ్లగూబనిచ్చారు. తెల్లవాళ్లకు అది తెలివికి గుర్తట.

పంజాగుట్టలో ఒక మేడమీది ఆఫీసులో, తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడి లేచి కూర్చుంటూ, చివరికెలాగో ఇంటర్వ్యూకి లోపలికి వెళ్లాను. నువ్వు పక్షివైతే ఏమవుతావని అడిగిన పెద్దాయన హైదరాబాదు మనిషే. గుడ్లగూబ గొప్పతనమంతా ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పగానే కళ్లజోడు తీసి పడీపడీ నవ్వారు.

"మా దిక్కు గుడ్లగూబను ఉల్లూ అంటరు, గది తిట్టమ్మా! గిది ఎవరో నేర్పిచ్చిండ్రు గదా. ఫికర్ చెయ్యకు, జర నువ్వేమంటవో చెప్పు."

ఆ మాట నన్ను అంతవరకు అన్నయ్యా అడగలేదు, మాస్టారూ అడగలేదు.

"గుడ్లగూబ దూరితే మా ఊళ్లో ఇల్లు ఖాళీ చేసి పోతారండీ. నేను గుడ్లగూబనైతే ఇక మా ఇంటికి తిరిగి వెళ్లలేనండీ," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

ఆయన నవ్వడం మానేశారు. ఉద్యోగం వచ్చింది.

సంతోషం పట్టలేక మిఠాయి పొట్లంతో కోచింగుకు పరిగెత్తి, జరిగిందంతా మాస్టారికి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆ మర్నాటినుంచే ఆయన ఆ జవాబును క్లాసంతటికీ నేర్పడం మొదలుపెట్టారు. గుడ్లగూబను ఎన్నడూ చూడని పిల్లలు కూడా మా ఊళ్లో ఇల్లు ఖాళీ చేస్తారంటూ, ఏడుపుగొంతుతో సహా వల్లించారు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

ఇప్పుడు మెట్రోలో అమీర్‌పేట మీదుగా వెళ్తే ఆ కోచింగు బోర్డులు మునుపటంత కిక్కిరిసి లేవు. పిల్లలు జవాబులు ఫోన్లోనే వెతుక్కుంటున్నారు. నా ఉద్యోగమంతా నేనేమనాలో చెప్పేవాళ్ల మధ్యే గడిచిపోయింది. నేనేమంటానో అడిగి, చెప్పేదాకా ఆగిన మనిషి ఆ పెద్దాయన తర్వాత నాకు మరి తగల్లేదు.