దిల్‌సుఖ్‌నగర్ మేడ మీద సముద్రపు ఈకలు

ఆ రోజుల్లో నేను సముద్రాన్ని చూడలేదు గానీ, దాని అడుగును మాత్రం రోజూ చూసేదాన్ని. మాది నల్గొండ వైపు పల్లె. ఎల్బీనగర్‌లో పిన్ని ఇంట్లో ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మొదటి ఉద్యోగంలో చేరాను. ఓడ కింద తాడుకు వేలాడే కెమెరా తీసిన వీడియోలు మాకొచ్చేవి. పగడాలు, స్పాంజీలు, తగిలితే విరిగిపోయే ప్రాణులేవైనా కనిపిస్తే వాటి చుట్టూ గీత గీయాలి. అక్కడ పెద్ద వలలు ఈడ్చకుండా ఆపడానికి ఆ గీతలే ఆధారమట. పని హాయిగానే ఉండేది. కాకపోతే ఓడ ఊగేది, కెమెరా ఊగేది, (కుర్చీలో కదలకుండా కూర్చున్న) నా కడుపూ ఊగేది.

"నీకు సముద్రం పడట్లేదమ్మా," అంది పక్క సీటు కాకినాడ అక్క జాలిగా.

"మేడ మీద గూడ గట్లయితదా అక్కా?"

"అయ్యింది కదా. బొమ్మతో పాటు నువ్వూ ఊగు, తగ్గుద్ది."

ఊగితే నిజంగానే తగ్గింది. నెలాఖరుకల్లా కుదురుకోకపోతే వేరే పని చూసుకొమ్మని మా పని చూసే సారు అప్పటికే చెప్పి ఉన్నారు కాబట్టి, సిగ్గు వదిలేసి ఊగాను. కిటికీ బయట మెట్రో పోయే చప్పుడు కూడా నీళ్ళ చప్పుడులా వినబడేది. ఓ మధ్యాహ్నం, మాకన్నా ముందు వీడియోను జల్లెడ పట్టే కంప్యూటర్ ఉత్త బురదని వదిలేసిన చోట, పొడవాటి తెల్లని ఈకలు కనిపించాయి. బురదలో గుచ్చినట్టు నిలబడి, గాలికి చేను వంగినట్టు అన్నీ ఒకే వైపు వంగుతున్నాయి. ఈకల్లా ఉండే ప్రాణులవి. గీత గీయడం మరిచి వాటితో పాటే వంగుతూ ఉండిపోయాను.

"ఏందమ్మా, పూనకం ఒచ్చిందా?" వెనక సారు.

"ఈకలు సార్. జర చూడుండ్రి."

"కెమెరా అద్దం మీద మచ్చలేమో."

"మచ్చలైతే బొమ్మలో ఒక్క తాననే ఉంటయ్ సార్. ఇవి ఎనక్కి పోతున్నయ్."

సారు వంగి చూశారు. నమ్మకం కుదరక మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించి చూశారు. చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తారు. కాసేపటికి తడి ముఖంతో తిరిగొచ్చి, స్క్రీన్ వైపు చూడకుండానే, "గీత గియ్యి," అన్నారు. నెలాఖరు మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు కబురొచ్చింది, అక్కడ వలలు వేయవద్దన్నారని. ఆ సాయంత్రం ఇంటికి పరుగున వెళ్ళి, "పిన్నీ, మా ఈకలు బతికినయ్," అన్నాను.

"ఎవల కోడి ఈకలే?" అంది పిన్ని, పొయ్యి దగ్గర నుంచి.

చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, గుమ్మంలోనే నవ్వుతూ నిలబడిపోయాను. తర్వాత ఇంతకన్నా పెద్ద ఉద్యోగాలే చేశాను. అన్నం కూడా మరిచి అలా నిలబడిన ఆ పిల్లను తలచుకుంటే మాత్రం, ఇప్పటికీ కాస్త అసూయగానే ఉంటుంది.