గిలక్కొట్టకూడని పిండి

కెనడాలో మేముండే ఊరు మిల్టన్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎవరింట్లో ఫంక్షన్ జరిగినా గారెలు నావే. గొప్పలు చెప్పుకోవడం కాదు. ఆ మాటకొస్తే గొప్పలే, దాచుకోవడం ఎందుకు? పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది, అక్కడ నన్ను మెచ్చుకున్నవాడు లేడు. గారెల దగ్గర మాత్రం రిటైరైన డాక్టర్ అంకుళ్ళు కూడా ప్లేటు పట్టుకుని నా ముందు నిలబడతారు. ఇందులో రహస్యమేమీ లేదు. రుబ్బిన మినప్పిండిని చేత్తో గిలక్కొట్టాలి. జబ్బ పట్టేసేదాకా కొట్టాలి. చిటికెడు పిండి తీసి నీళ్ళలో వేస్తే తేలాలి. తేలలేదా, మళ్ళీ కొట్టాలి. అంతే.

అలాంటి నన్ను పట్టుకుని మా అమ్మాయి డోనట్లు చెయ్యమంది.

దానికి కోడిగుడ్డు పడదు. పడదంటే ఏదో అరగకపోవడం కాదు, పెదాలు వాచిపోయి ఊపిరి అందదు. అందుకని ఎవరి పుట్టినరోజు పార్టీకి పంపినా, దాని తిండి చిన్న డబ్బాలో మేమే కట్టి పంపేవాళ్ళం. అందరూ కేకు మీద పడుతుంటే అది బల్ల చివర కూర్చుని తన డబ్బా మూత తీసుకునేది. వాళ్ళమ్మ ఎంత ముద్దుగా సర్దిపెట్టినా అది వేరే తిండే కదా. తోటి పిల్లలు మంచివాళ్ళు, ఆ డబ్బా జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. రాకూడదని పెద్దవాళ్ళు గట్టిగా చెప్పి ఉంచారు. మంచికే చెప్పారు, కాదనను. కానీ దాన్ని తీసుకురావడానికి వెళ్ళినప్పుడల్లా నాకు కనపడేది ఒకటే, గోల గోలగా ఉన్న బల్లకి ఒక చివర మా పిల్ల, దాని పక్కన కాస్త ఖాళీ.

తొమ్మిదో పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే తలెత్తకుండా చెప్పింది. "డోనట్స్. ఎవ్రీబడీ ఈట్స్ ద సేమ్ థింగ్. ఐ డోంట్ వాంట్ మై ఓన్ ప్లేట్, నాన్నా."

నేను వెంటనే, "ఓస్, అంతేగా! గారెలు చేసేవాడికి డోనట్లు ఒక లెక్కా?" అన్నాను.

లెక్కే అయింది. ముందు నూనెలో వేయిద్దామనుకున్నాను. ఇంట్లో మూకుడు పెడితే ఊరుకోనని మా ఆవిడ మొదటినుంచీ పెట్టిన రూలు. చలికాలం కిటికీలు తెరవలేం, పొగకి అలారం మోగుతుంది, క్లోజెట్‌లో జాకెట్లన్నీ పది రోజులు నూనె వాసన కొడతాయి. నా గారెల కార్యక్రమమంతా గరాజ్‌లో, చిన్న గ్యాస్ స్టవ్ మీద జరుగుతుంది. ఫిబ్రవరిలో ఆ గరాజ్‌లో నిలబడితే నూనె కాగేలోపు నేను గడ్డకడతాను. కాబట్టి ఒవెన్‌లో బేక్ చెయ్యాల్సిందే.

మా ఒవెన్ అప్పటిదాకా ఒవెన్‌గా పనిచేసిన పాపాన పోలేదు. పెనాలు, మూకుళ్ళు, అప్పచ్చుల జల్లెడ, పెద్ద పెద్ద మూతలు, అన్నీ అందులోనే. వాటిని బయట పెట్టేసరికి కిచెన్‌లో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. నడుమ బుడిపె ఉన్న డోనట్ పాన్ ఒకటి కొనుక్కొచ్చాను. చిల్లు పెట్టడానికి కూడా ఒక పరికరమా, నా బొటనవేలు ఏమైపోయింది అనుకున్నాను.

ఫోన్‌లో గుడ్డు లేని రెసిపీ ఒకటి దొరికింది. మైదా, పంచదార, వెన్న, పెరుగు, సోడా. పెరుగులో సోడా వేస్తే బుసబుసా పొంగింది. యాలకుల డబ్బా మీద చెయ్యి వేశానో లేదో, వెనకనుంచి కేక. "నాన్నా, నో యాలకులు! ఇట్ హాజ్ టు బీ అ నార్మల్ డోనట్!" చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పిండి కలిపేటప్పుడు, కలిసేంతవరకే కలపండి, ఉండలున్నా ఫరవాలేదు అని రాసుంది. నాకు నవ్వొచ్చింది. చేతుల్లో సత్తువ లేనివాళ్ళు రాసుకున్న మాట అనుకుని, చొక్కా చేతులు మడిచి గిలక్కొట్టాను. పిండి పట్టులా నున్నగా వచ్చింది. అలవాటు కొద్దీ గిన్నెడు నీళ్ళు పెట్టి చిటికెడు పిండి అందులో వేశాను. తేలలేదు సరికదా, పాలలా కరిగిపోయింది. అయితే ఇంకా కొట్టాలి కాబోలని ఇంకాస్త కొట్టాను.

వచ్చినవి చూసి మా ఆవిడ ఒకటి తీసి బల్ల మీద వేసింది. టక్‌మని చప్పుడు చేసింది. "మీ ఆఫీసులో ఐస్ హాకీ ఆడేవాళ్ళుంటే ఇచ్చెయ్యండి, మంచు మీద కొట్టే బిళ్ళకి బదులు వాడుకుంటారు," అంది.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఆదివారం మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి ముందుకన్నా రెట్టింపు కొట్టాను. అవి ఇంకా గట్టిగా వచ్చాయి. మా పిల్ల ఒకటి కొరికి, చాలాసేపు నమిలి, నా మొహం చూసి మెల్లగా మింగింది. తరువాత అంది, "ఇట్స్ ఓకే నాన్నా. యూ కెన్ బై డోనట్స్ ఫర్ దెమ్. ఐ విల్ ఈట్ సమ్‌థింగ్ ఎల్స్."

అది ఏడ్చి గోల చేసినా తట్టుకునేవాణ్ణి. అంత చిన్న పిల్ల నన్ను ఓదారుస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. గుడ్డు వేసిన షాపు డోనట్లు కొనుక్కొస్తే సొంతింట్లోనే, తన పుట్టినరోజు నాడే, మళ్ళీ బల్ల చివర కూర్చోవాలి. కుదరదు. చచ్చినా కుదరదు.

అప్పుడు మా ఆవిడ నా ఫోన్ లాక్కుని రెసిపీ పైనుంచి కిందిదాకా చదివింది. చదివి నావైపు ఒక చూపు చూసింది. "కలిసేంతవరకే అని ఇంత స్పష్టంగా రాసుంటే మీరు చేసిందేంటండీ? ఇది మినప్పిండా? మైదాని కొట్టేకొద్దీ జిగురొచ్చి సాగుతుంది, కాలాక బిగుసుకుపోతుంది. పరోటా పిండి ఎప్పుడూ చూళ్ళేదా? గారెల మాస్టారూ, ఇక మీరు చేతులు కట్టుకుని అలా నిలబడండి."

నిలబడ్డాను. గరిటె మా పిల్ల చేతికిచ్చింది. అది నాలుగు తిప్పులు తిప్పి, "డన్?" అంది. పిండి నిండా ఉండలు! పొడి మైదా అక్కడక్కడా కనపడుతూనే ఉంది. అమ్మ బాబోయ్, ఆ పిండిని చూస్తూ ఊరుకోవడం నాకు ఎంత నరకమో ఎవరికి చెప్పను? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చెయ్యి పెట్టనివ్వమని బతిమాలాను. మా ఆవిడ గిన్నె పక్కకి జరిపేసింది. నెయ్యి రాసిన పాన్‌లో పిండి పోసి ఒవెన్‌లో పెట్టి, ముగ్గురం దాని అద్దం తలుపు ముందు నేల మీద కూర్చున్నాం.

అవి పొంగాయి. బొద్దుగా, బంగారు రంగులో, అంచులు దాటి పైకి లేచాయి. వేలితో నొక్కితే అణిగి మళ్ళీ పైకొచ్చింది. మా పిల్ల ఒకటి వేడివేడిగా తుంపి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "నాన్నా," అంది నోరు నిండా డోనట్ పెట్టుకుని, "ఇట్స్ అ డోనట్." నేను దాన్ని ఎత్తుకుని కిచెన్‌లో గిరగిరా తిప్పాను. కాలు తగిలి మూకుడు దొర్లిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

పుట్టినరోజు నాడు పొద్దున్నే లేచి అది కలిపింది, నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పైన చాక్లెట్, దాని మీద రంగురంగుల చక్కెర పలుకులు. పెద్ద పళ్ళెంలో గుట్టగా పోసి బల్ల మధ్యలో పెట్టాం. పిల్లలొచ్చారు, బూట్ల మంచు హాలంతా కరిగింది. ప్రతి పార్టీలోనూ మా పిల్ల డబ్బా చూసిన స్నేహితురాలు అలవాటుగా, "వేర్ ఈజ్ యువర్స్?" అని అడిగింది. మా పిల్ల పళ్ళెం చూపించి, "దిస్ ఈజ్ మైన్. దిస్ ఈజ్ ఎవ్రీబడీస్," అంది.

ఇంకో అమ్మాయి ఒకటి తినేసి రెండోది అందుకుంటూ, ఏ షాపులో కొన్నారు అంకుల్ అని అడిగింది. నేను కాలర్ ఎగరేసి మా పిల్లవైపు వేలు చూపించాను. మా ఆవిడ నా డొక్కలో పొడిచింది, అయినా నవ్వు ఆపుకోలేకపోయాను.

కాసేపటికి హాల్లోంచి పెద్ద కేక వినపడింది. మా పిల్ల గొంతే. ఏమైనా వాచిందా, ఊపిరి అందట్లేదా అని దాని అలర్జీ మందు పట్టుకుని పరిగెత్తబోయాను. ఈలోపు అదే కిచెన్‌లోకి దూసుకొచ్చింది. మూతి నిండా చాక్లెట్, జడ ఊడిపోయి, మొహం వెలిగిపోతోంది.

"నాన్నా! షీ టుక్ మై డోనట్! రైట్ ఫ్రమ్ మై హ్యాండ్!"

తొమ్మిదేళ్ళలో దాని చేతిలో తిండి లాక్కుని తిన్నవాళ్ళు అదే మొదలు. చెప్పేసి, నా జవాబు కోసం ఆగకుండా, ఆ దొంగని పట్టుకోవడానికి నవ్వుకుంటూ మళ్ళీ హాల్లోకి పరిగెత్తింది.