వాగుకు తొమ్మిదిన్నర మీటర్ల పైన

పాడేరులో ఉదయం 6.40కి బయలుదేరాం. దూరం 31 కిలోమీటర్లు. కొండచరియలు విరిగి రోడ్డు మూడు చోట్ల తెగినందున వాగు ఒడ్డుకు చేరేసరికి 10.15 అయింది. మేము పదకొండు మందిమి, సైన్యంలో ఇంజినీరింగ్ దళం వాళ్లం. నేను హవల్దారుని. తుపాను వానకు వంతెన కొట్టుకుపోయింది. అవతల కొండమీద నలభై ఇళ్ల ఊరు, ఇంటింటా జ్వరాలు. వాగుమీద ఇనుప తీగ కట్టి, దానిపై తాడుతో లాగే ట్రాలీ నడిపి, బియ్యం, మందులు చేర్చాలి. మాకిచ్చిన ఆదేశం అంతే.

కొలతలు నేనే తీశాను. ఒడ్డు నుంచి ఒడ్డుకు 46 మీటర్లు. తీగ మధ్యభాగం నుంచి నీటికి 9.5 మీటర్లు. సరిగ్గా ఆ కింద ఐదు మీటర్ల లోతు మడుగు. దాన్ని దాటితే అన్నీ బండలే. ఇవతల తీగను బండకు బిగించాం. అవతల ఆనించడానికి బండ దొరకలేదు. మట్టిలో ఆరు ఇనుప మేకులు దిగగొట్టాం. మూడు రోజులు ట్రాలీ నడిచింది. వాన మాత్రం ఆగలేదు.

నాలుగో రోజు 11.20కి మా రేడియో ఆపరేటర్ అవతలి ఊళ్లో సెట్టు పెట్టడానికి సిద్ధమయ్యాడు. శ్రీకాకుళం వైపువాడు, భారీ మనిషి. అదే సమయానికి ఆ ఊరి ఆశా కార్యకర్త పాడేరు నుంచి మందుల పెట్టెతో వచ్చింది. ఒక్కొక్కరినే పంపాలన్నది నేను పెట్టిన నియమమే. ఆమె ఆగలేనంది. లెక్క కట్టాను. అతను 94 కిలోలు, వీపున సెట్టు 11, ఆమె 41, పెట్టె 6. మొత్తం 152. ట్రాలీ రెండు వందలు మోస్తుంది. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు తొడిగించి ఎక్కమన్నాను.

"ఏటి బావా, ఆ అక్క పక్కన నువ్వు కూకుంటే ట్రాలీ నీవైపే వాలిపోద్ది," అన్నాడు మా వంటవాడు.

"నీ వంట తిని ఒళ్లొచ్చినోణ్ణి నేనొక్కణ్ణే. సంతోషించు."

"కబుర్లు తరవాత సెప్పుకోండి బాబూ," అంది ఆమె. "అక్కడ జరాలతోటి పడున్నారు. బేగి పోవాల."

11.26. ట్రాలీ మడుగు మీదికి చేరింది. ఒక్కసారిగా జానెడు కిందికి జారి ఆగిపోయింది. అవతలి జవాను చేతి సెట్టులో పిలిచాడు. "మేకులు వాలుతున్నాయి. రెండు పైకి లేచాయి. తాడు లాగొద్దు. ఓవర్."

లాగితే మేకులు ఊడతాయి. వదిలేసినా ఊడతాయి. వాళ్లు మడుగులోకి దూకవలసిందే. నీటి హోరులో కేక వినపడదు. నా మాట వాళ్లకు చేరే దారి అతని వీపున ఉన్న సెట్టొక్కటే.

నీళ్లు మెత్తనివే కదా అని ఇప్పటికీ చాలామంది అడుగుతారు. తొమ్మిదిన్నర మీటర్లనుంచి పడినవాళ్లు, బక్కవాళ్లయినా బరువైనవాళ్లయినా, 1.4 సెకన్లలో గంటకు 49 కిలోమీటర్ల వేగంతో నీటిని తాకుతారు. తేడా అక్కడినుంచే మొదలవుతుంది. పక్కకు తప్పుకోవడానికి నీటికి కొంత వ్యవధి కావాలి. నిలువుగా పాదాలతో దిగితే దారి ఇస్తుంది. వీపుతో పడితే ఇవ్వదు. శరీరం దాదాపు అక్కడికక్కడే ఆగిపోతుంది. ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ బరువు పెరిగినంతగా దాన్ని కాచే ఎముక బలం పెరగదు. 41 కిలోల మనిషికి క్షమించగల తప్పును 105 కిలోలకు నీరు క్షమించదు.

ఇదంతా నాకు తెలుసు. అందుకే వరుసగా, స్పష్టంగా చెప్పదలచుకున్నాను.

"ఒకటి. కాళ్లు రెండూ జోడించి నిటారుగా దూకాలి. ఆమెకు చెప్పు. ఓవర్."

"సెప్పాను సార్. ఓవర్."

"రెండు. చేతులు ఛాతీమీద అడ్డంగా పెట్టి జాకెట్టును కిందికి నొక్కిపట్టాలి. ఓవర్."

అప్పుడే ఆమె మందుల పెట్టెను వాగులోకి విసిరేసింది. బెదిరిపోయిందనుకున్నాను. "ఆమెను కదలొద్దను," అన్నాను.

"సార్, ఈ అక్క నన్ను కూడా సెట్టు పారెయ్యమంటంది. ఏటి సెయ్యమంటారు? ఓవర్."

"వద్దు. సెట్టు ఉంటేనే నీకు చెప్పగలను. మూడు. గడ్డం ఎత్తొద్దు, ఎదురుగా చూడు. ఓవర్."

"అలాగే సార్. ఓవర్."

11.29. నాలుగోది చెప్పేలోపే మేకులు ఊడాయి.

ఆమె నిటారుగా దిగింది. అతనూ నిటారుగానే మొదలయ్యాడు. సెట్టు వెనక్కి లాగింది. నీటిని తాకేసరికి దాదాపు వెల్లకిలా ఉన్నాడు. తడిసిన గోనెసంచిని బండకేసి కొట్టినట్టు వినపడింది. మేము తాడుతో చేరేదాకా ఆమె అతని తలను నీటిపైన పట్టుకుని ఉంది.

ఒడ్డున చీరకొంగు పిండుకుంటూ, ఏ కోపమూ లేకుండా చెప్పింది. "మా అయ్య ఈ వాగు మీది కొండ చరియల్లోనే తేనె దించేవోడు సారు. తాడు జారితే ముందు కుండ పారేత్తాడు, ఆ ఎనకే తను పడతాడు. ఈపున కుండుంటే మనిషి ఎల్లకిలా తిరిగిపోతాడు."

పందొమ్మిది రోజుల తరువాత ఘాట్ రోడ్డున తిరిగి వెళ్లాం. ట్రక్కులో పదిమందిమి. అప్పటికి అతను విశాఖ ఆసుపత్రిలో ఉన్నాడు.

ఉద్యోగం వదిలాక ఒకసారి అతని ఇంటికి వెళ్లాను. చక్రాల కుర్చీలోనే ఎదురొచ్చాడు. టీ తాగాక అడిగాడు.

"సార్, ఆ రోజు మీరు సెప్పినవి మూడూ గుర్తున్నాయి. నాలుగోది ఏటి సార్?"

"సెట్టు విప్పెయ్, అని," అన్నాను.

అతను తలూపాడు.

నన్ను వదలనిది ఆ పడటం కాదు. దానికి ముందు క్షణాలు. ట్రాలీలో అతను, కుడిచేయి సెట్టు భుజంపట్టీ బకిల్‌పైన ఆనించి, నావైపే చూస్తూ, నా మాటకోసం ఆగి ఉండటం.

నష్టాలు: ట్రాలీ ఒకటి. ఇనుప తీగ 46 మీటర్లు. మందుల పెట్టె ఒకటి. మరునాడు వేరొకటి పంపాం. ఆశా కార్యకర్త ఎడమ మడమ బెణికింది, ఆరు రోజులు. రేడియో ఆపరేటర్‌కు పక్కటెముకలు నాలుగు, వెన్నుపూసలు రెండు, నడక. రేడియో సెట్టు నష్టం లేదు, ఆరబెట్టాక పనిచేసింది.