నా ఫోన్ల మాత్రం మా పేజే ముందు

“మాహూర్ బస్సు టైం మారిందంట. పేజీల మార్వాలె,” అన్నడు మా ఆయన.

“పొద్దుగాల మారుద్దువు తియ్యి. ముందుగాల ఈ ఛాతినొప్పి గోలి మింగు,” అన్న నేను.

గోలి మింగిండు. మల్ల మాట్లాడలేదు. దవాఖానకు తీస్కపోయేలోపలనే పాణం పోయింది.

చెల్లె, గిది గిట్లనే రాయి. నాకచ్చిన అచ్చరాలు సంతకానికే సరిపోతయి.

మాది నాందేడు. టేషన్ దగ్గర ఇల్లు, మీద కిరాయికిచ్చే రెండు ఖోలీలు. మాహూర్ రేణుకమ్మ గుడి కాడికి పొయ్యే తెలంగాణోళ్లు రైలు దిగి మా ఖోలీలల్ల పండుకునేటోళ్లు, నా చేతి జొన్నరొట్టె తిని పొద్దున బస్సెక్కేటోళ్లు. ఆళ్లను పట్టుకచ్చేది మా ఆయన వెబ్‌సైటే. తక్కినోళ్లయి ఇంగ్లీషుల, మరాఠిల ఉంటే ఈయన తెలుగుల రాసిండు. కామారెడ్డిల ఎవలన్న ఫోన్ల తెలుగుల అడిగితే మాదే ముందు కనవడేది. గుట్ట మీద నీళ్లెక్కడ దొర్కుతయి, మోకాళ్ల నొప్పులోళ్లు ఎట్ల ఎక్కాలె, నెలనెల ఏదో ఒకటి కొత్తగ పెట్టేటోడు. కామారెడ్డి భజన మండలోళ్లు తమ పేజీల మా పేజీ లింకు పెట్టుకున్నరు.

“ఇంకొకలు మన ముచ్చట చెప్తేనే మనం పైకెక్కుడు,” అనేటోడు.

“నువ్వు పైకెక్కి కూసో, రొట్టెలు నేను కాలుస్త,” అనేదాన్ని.

ఆయన పోయినంక ఒక్కొక్కలు రాకడ బంద్ జేసిండ్రు. నేను రోజు లేస్తనే ఫోన్ల నోటితోని అడుగుత, “నాందేడుల మాహూర్ పొయ్యేటోళ్లకు ఖోలి” అని. అందరికంటె ముందు మా పేజే అస్తది. దాంట్ల ఆయన ఫోటో. సూసుకుంట కూసుంట. పేజీ ముందే ఉన్నది, మరి మనుషులెందుకు రారు? ముండమోసినదాని చేతి రొట్టె తినద్దనుకున్నరేమో అని కుమిలి కుమిలి ఏడ్సిన.

మొన్న ఉమ్రిల నీ ఇంటికచ్చి నీ ఫోన్ల అడిగిన. లేదు. కిందికి జరిపిన, ఇంక జరిపిన. లాడ్జీలు, జీపులోళ్లు, ఎవలెవలో ఉన్నరు. మేము లేము.

“అక్క, నువ్వు రోజు తెరుస్తవని నీ ఫోన్ నీకు ముందు సూపెడ్తది. లోకానికి కాదు,” అన్నవు.

“నాతోని గంత అబద్ధమాడుతదా?”

“నీకిష్టమైంది సూపెడ్తది, గంతే. బావ పోయినకాంచి పేజీల కొత్త ముక్క లేదు. పాత బస్సు టైం నమ్మి సీదా బస్‌స్టాండుకు పోయినోళ్లకు బస్సు దొర్కలే. ఒక్కొక్క స్టార్ ఇచ్చి తిట్టి పోయిండ్రు. ఇంక మీదికెట్లస్తది?”

అంటే నా చేతి రొట్టె ఎవలు కాదనలే. నేనున్నననే ఎవలకెర్క లేదు. ఏది నయమో నాకు సమజ్ గాలె.

అందుకే చెప్తున్న, నువ్వు రాసి ఆ పేజీల పెట్టు. బస్‌స్టాండుకు పోయి కొత్త టైం అడిగచ్చిన, అది మీదికే పెట్టు. ఆయన లేడని గుడ రాయి. ఫోటో మాత్రం తియ్యకు. దీనికి గుడ ఎవలు రాకుంటె ఇల్లు ఇడ్సుడే, ఇంకో తొవ్వ లేదు. అది రాయకు. లేదు, రాయి. ఆయన రాస్తే ఎదురుంగ కూసోని మాట్లాడినట్టుండేది. నాది అట్లున్నదా? మొదటికెళ్లి ఓసారి చదువు చెల్లె, నేను వింట.